శిక్షణ విమానమునకు కావలసిన లెక్కలు

పుష్యమాసపు తెల్లవారుజామున ఆదిలాబాదులో ఉష్ణమాపకము 5 డిగ్రీల దరికి దిగుట కొత్త గాదు. రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నము కరీంనగరములో అదే మాపకము 45 డిగ్రీలను తాకును. రెండు పట్టణములును సముద్రమట్టమునకు ఇంచుమించు ఒకే ఎత్తున, 260 మీటర్ల పైచిలుకున ఉన్నవి. అయినను ఆదిలాబాదు చలిలో ఒక ఘనమీటరు గాలి 1.23 కిలోలు తూగును. కరీంనగరపు ఎండలో 1.08 కిలోలే తూగును. తేడా నూటయేబది గ్రాములు. మనకిది లెక్కలోనిది కాదు. విమానమునకు మాత్రము ఎనిమిదవ వంతు నేల కాలిక్రింద జారిపోయినట్లే.

ఈ తేడాను ముందుగానే లెక్కకట్టవలసిన వాడు విమాన రూపశిల్పి. అందులోను శిక్షణ విమానమును రూపొందించువాని బాధ్యత పెద్దది. హైదరాబాదు చెంత దుండిగల్లులో 1971లో ప్రారంభమైన వాయుసేన అకాడమీ వంటి చోట్ల దానిని నడుపువాడు ఇరువది యేండ్ల విద్యార్థి. వాడు తప్పు చేయును. తప్పు చేసియే నేర్చుకొనును. ఆ తప్పును సహించి, దిద్దుకొనుటకు వ్యవధి నిచ్చు విమానమే మంచి శిక్షణ విమానము. మరి అట్టి విమానమునకు కావలసిన అంకెలు ఎక్కడ దొరకును?

కొన్ని అంకెలు పుస్తకములలోనే దొరకును. అమెరికాలో 1915 నుండి 1958 వరకు పనిచేసిన నాకా అను ప్రభుత్వ సంస్థ రెక్కల అడ్డుకోతలను వరుసగా పరీక్షించి, ఫలితములను బహిరంగముగా అచ్చువేసినది. 1933 నాటి ఒక్క నివేదికలోనే 78 ఆకృతులు ఉన్నవి. వాని పేర్లలోనే కొలతలు ఇమిడియుండును. 2412 అనగా రెక్క వెడల్పులో నూటికి 2 పాళ్ళ వంపు, ఆ వంపు ముందు అంచు నుండి 40 పాళ్ళ దూరమున, మందము 12 పాళ్ళు. చిన్న నమూనా మీద వీచు గాలి పెద్ద రెక్క మీది గాలివలె ప్రవర్తించదు. అందుచేత వారు సొరంగములోని గాలిని ఇరువది రెట్ల ఒత్తిడికి బిగించి పరీక్షించిరి. పంచి పెట్టుటకే ఇంత శ్రమపడిన విజ్ఞానము అరుదు.

మన దేశమున స్వయముగా రూపొందించుకొన్న తొలి శిక్షణ విమానము హెచ్.టి.-2. బెంగుళూరులోని హిందుస్థాన్ విమాన కర్మాగారములో డాక్టరు విష్ణు మాధవ ఘాటగే నాయకత్వమున తయారై, 1951 ఆగస్టులో తొలిసారి ఎగిరినది. ఘాటగే జర్మనీలోని గోటింగెనులో ప్రాంట్ల్ మహాశయుని శిష్యుడు. ఆ విమానపు పూర్తి బరువు 1016 కిలోలు, రెక్కల వైశాల్యము సుమారు 16 చదరపు మీటర్లు. ఈ రెండు అంకెలతోనే శ్రోతలు ఇంట కూర్చుండి ఒక లెక్క వేయవచ్చును. చదరపు మీటరు రెక్క మోయవలసిన బరువు 63 కిలోల చిల్లర. రెక్క మోయగల బలము గాలి సాంద్రతను బట్టియు, వేగపు వర్గమును బట్టియు, లిఫ్టు గుణకమను అంకెను బట్టియు ఉండును. ఈ గుణకము గరిష్ఠముగా 1.4 అనుకొన్నచో, గంటకు 97 కిలోమీటర్లకు తగ్గిన వేగమున విమానము నిలువదని తేలును. ఇది ఆదిలాబాదు చలిగాలిలోని లెక్క. కరీంనగరపు ఎండలో అదే అంకె 103 దాటును. చిత్రమేమనగా, విమానములోని వేగమాపకము రెండు చోట్లను ఒకే అంకె చూపును. అదియు గాలి తాకిడినే కొలుచును గదా! కాని క్రింద నేల మాత్రము త్వరగా పరుగెత్తును, ఎండకు ఇంజను బలమును తగ్గును, పరుగుబాట పొడుగు కావలసి వచ్చును.

ఇంతవరకు కాగితము చాలును. ఇక కాగితమునకు అందనిది ఒకటి కలదు. దానినే వైమానికులు స్పిన్ అందురు.

మన అడవులలో పెద్దమాను చెట్టు గింజను చూచియుందురు. పలుచని రెక్క నడుమ గింజ. రాలునప్పుడు గిరగిర తిరుగుచు దిగును. గాలియే దానిని త్రిప్పును, ఆ త్రిప్పుటయే తిరుగుటను నిలుపును. విమానమునకును ఈ గతి పట్టవచ్చును. విద్యార్థి ముక్కును మితిమీరి పైకెత్తి వేగము పోగొట్టుకొన్నచో రెక్క మీది గాలి విడిపోవును. ఒక రెక్క వాలును. వాలిన రెక్కకు గాలి మరింత ఏటవాలుగా తగిలి, అది ఇంకను బలము కోల్పోవును. రెండవది అంతగా కోల్పోదు. అంతట విమానము సుడి తిరుగుచు దిగును. విడిపించుకొను ఉపాయము చుక్కానిని ఎదురు దిశకు నొక్కి, పిదప కర్రను ముందుకు త్రోయుట. అయితే అడ్డతోక విడిచిన చెదరుగాలి చుక్కానిని కప్పివేసినచో, ఎంత నొక్కినను ఫలముండదు. తోక ఎక్కడ ఉండవలెను, బరువు ఎక్కడ పంచవలెను అను ప్రశ్నలకు ఏ పట్టికయు పూర్తి సమాధాన మీయదు. ఒకరి విమానమున కొలిచిన అంకెలు మరియొకరికి పనికిరావు. పైగా నిర్మాతలు వానిని బయటపెట్టరు.

దీనికి నిదర్శనము హెచ్.జె.టి.-36 సితార. 2003 మార్చి 7న ఆ జెట్ శిక్షణ విమానము చక్కగా ఎగిరినది. చిక్కు స్పిన్ దగ్గర వచ్చినది. 2011లో ఒక నమూనా విమానము పరీక్షలో కూలినది. వైమానికులు ప్రాణములతో బయటపడిరి. తుదకు నిలువుతోకను వెనుకకు జరిపి, చుక్కానిని విస్తరింపజేసి, అత్యవసరముగా విప్పుటకు స్పిన్ పారాషూట్ అమర్చి, 2020 నవంబరులో మరల పరీక్షలు మొదలిడిరి. 2022 జనవరిలో ఇరుదిశలకును ఆరేసి చుట్లు తిరిగి, అది సుఖముగా తేరుకొన్నది. తొలి ఎగురుటకును దీనికిని నడుమ పందొమ్మిది యేండ్లు దాదాపుగా గడచినవి. ఆలస్యమునకు విమర్శలు వచ్చినవి, రావలసినవే. అయితే తేరుకొనుట తెలియని విమానమును విద్యార్థి చేతికి ఇచ్చుట కంటె ఈ ఆలస్యమే మేలని నా అభిప్రాయము.

2025లో దానికి యశస్ అని కొత్త పేరు పెట్టిరి. పొడవు, వెడల్పు, బరువు ఎవరైనను అచ్చు పట్టికలలో చూచుకొనవచ్చును. ఆరు చుట్లలో చుక్కాని ఏ క్షణమున పట్టు చిక్కించుకొన్నదో తెలుపు కొలతలు మాత్రము పరీక్షించినవారి దస్తరములలోనే ఉండును.