సమను గడపకు వచ్చినపుడు

కోర్టు అమీనా తెచ్చిన సమను మనకేలయని గూటిలో నుంచుట తగదని మా మనవి. 1908వ సంవత్సరపు సివిలు ప్రొసీజరు కోడు, ప్రతివాది దొరకనపుడు ఆ యింట వయసువచ్చిన పురుషునికే సమను నీయవచ్చుననెను. 1976 నాటి సవరణచే స్త్రీకి నిచ్చినను జెల్లుచున్నది. మనము పుచ్చుకొని చెప్ప మఱచితిమా, వాయిదానాడు ప్రతివాది లేకయే డిక్రీ యగును. ఇల్లు వేలమునకు రావచ్చును.

అయినను దారి మూయబడలేదు. 9వ ఆర్డరు 13వ రూలు క్రింద, డిక్రీ యిచ్చిన కోర్టునందే దాని రద్దునకు దరఖాస్తు చేయవచ్చును. సమను సరిగా నందలేదనియో, హాజరగుటకు దగిన యడ్డంకి కలిగెననియో ఋజువు చేయవలెను. గడువు డిక్రీ తేదీనుండి 30 దినములు. సమను సరిగా నందనిచో, డిక్రీ సంగతి తెలిసిన నాటినుండి 30 దినములు. దరఖాస్తు పెట్టినంతనే అమలు ఆగదు. స్టే వేఱుగా గోరవలెను.

కాగితము చేతబడగానే వాయిదా తేదీ చదువుడు. ఆ పూటనే యింటివారికి జెప్పుడు.