రిజల్ట్ వచ్చినా ఫోన్లో పాత పేజీయే ఎందుకు కనిపిస్తుంది?

మేళ్లచెరువులో ఇద్దరు దోస్తులు ఒకే రిజల్ట్స్ లింక్ ఓపెన్ చేశారనుకోండి. ఒకరికి మార్కులు వచ్చాయి. ఇంకొకరికి ఇంకా "ఫలితాలు విడుదల కాలేదు" అనే ఉంది. సిగ్నల్ ఇద్దరికీ ఫుల్లు. మరి తేడా ఎక్కడ?

బ్రౌజర్ ఒకసారి తెచ్చిన పేజీని ఫోన్లోనే దాచుకోగలదు. దీన్నే క్యాష్ అంటారు. డబ్బుల క్యాష్ కాదండోయ్! మళ్లీ అదే అడ్రస్ కొడితే సర్వర్ దాకా పోకుండా ఆ కాపీనే చూపిస్తుంది. లోగోలకి, ఫొటోలకి ఇది మంచిదే, డేటా మిగులుతుంది. కానీ రిజల్ట్, బ్యాంక్ బ్యాలెన్స్, రైలు రన్నింగ్ స్టేటస్ లాంటివి మారుతూనే ఉంటాయి. ఇవే డైనమిక్ పేజీలు.

ఎంతసేపు దాచుకోవాలో సర్వర్ చెప్పాలి. దానికోసం 1997లో హెచ్‌టీటీపీ 1.1తో పాటు క్యాష్-కంట్రోల్ అనే హెడర్ వచ్చింది. సర్వర్ ఏం చెప్పకపోతే? బ్రౌజర్ తనే అంచనా వేసుకుంటుంది. పేజీ మారి 10 రోజులైందని తెలిస్తే, అందులో పదో వంతు, అంటే ఇంకో రోజు ఇదే చెల్లుతుందిలే అనుకోవచ్చు.

వెబ్‌సైట్లు చేసే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. నో-క్యాష్ అంటే దాచొద్దని కాదు. దాచుకో, కానీ చూపించే ముందు ప్రతిసారీ నన్ను అడుగు అని. పేజీ మారకపోతే సర్వర్ 304 అనే చిన్న జవాబుతో సరిపెడుతుంది. అసలు దాచనే వద్దంటే నో-స్టోర్ పెట్టాలి.

ఎందుకింత పట్టింపు? నెట్ సెంటర్లో ఒకే కంప్యూటర్ మీద పదిమంది స్కాలర్‌షిప్ ఫారాలు నింపుతారు. ఒకమ్మాయి లాగౌట్ చేసి వెళ్లాక వెనకాల కూర్చున్నవాళ్లు బ్యాక్ కొడితే, ఆమె అకౌంట్ నంబర్ కనిపించే అవకాశం ఉంది. అలాంటి పేజీలకి నో-స్టోరే పెట్టాలి.

లింక్ చివర టైమ్ తగిలించే చిట్కా ఒకటుంది. అడ్రస్ కొత్తది కాబట్టి పేజీ కూడా కొత్తగానే వస్తుంది. కానీ పాత కాపీలు అలాగే పేరుకుపోతాయి. హెడర్ సరిచేయడమే అసలు మందు.

మరి చూసేవాళ్ల సంగతి? ఫీజు కట్టాక కూడా "బాకీ" అని చూపిస్తే కంగారుపడి రెండోసారి కట్టకండి. ముందు అదే లింక్‌ను ఇన్‌కాగ్నిటోలో ఓపెన్ చేసి లాగిన్ అవ్వండి, బ్యాంక్ మెసేజ్ కూడా చూసుకోండి. నెట్ సెంటర్లో పని అయ్యాక లాగౌట్ చేసి, బ్రౌజర్ మొత్తం క్లోజ్ చేసి లేవండి.

డౌట్లుంటే అడగండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం!