లైనక్స్‌లో పెత్తనం ఎవరిది?

మహారాష్ట్రలో నాందేడ్ జిల్లా బిలోలి తాలూకాలోని కుండల్‌వాడి 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేది. ఇంట్లో తెలుగు, బళ్లో మరాఠీ: ఈ సరిహద్దు ఊళ్లలో ఇది మామూలే. అక్కడి పిల్లలకు కంప్యూటర్ పాఠం ఏ భాషలో చెప్పాలి? ఐఐటీ బొంబాయివారి స్పోకెన్ ట్యుటోరియల్ చక్కని దారి చూపింది. తెర మీద పాఠం ఒకటే. వినిపించే గొంతు తెలుగైనా కావచ్చు, మరాఠీ అయినా కావచ్చు.

కంప్యూటర్‌ను నడిపే లైనక్స్ వ్యవస్థ నిర్వహణకు ఓనమాలు కూడా అందులో ఉన్నాయి.

మొదట తెలియాల్సింది 'రూట్' గురించి. సిస్టమ్‌లో ఏ ఫైలునైనా మార్చగల, చెరపగల ఖాతా అది. దాని నంబరు సున్నా. అంత అధికారంతో రోజువారీ పని చేయడం ప్రమాదం కాబట్టి, ఉబుంటు అనే లైనక్స్ రకంలో మామూలు ఖాతాతోనే ఉంటూ, అవసరమైన ఒక్క ఆదేశానికి ముందు 'సుడో' చేరుస్తారు. 'యాడ్‌యూజర్' అంటే కొత్త ఖాతా, దానికో సొంత హోమ్ ఫోల్డరు తయారవుతాయి. 'యూజర్‌డెల్' ఖాతాను తీసేస్తుంది. దానికి '-ఆర్' తగిలిస్తే ఫోల్డరూ పోతుంది. ఇక్కడ తొందర అస్సలు పనికిరాదు, ఒక విద్యార్థి ఏడాది పని క్షణంలో మాయమవుతుంది.

డిస్కులో ఎంత చోటు మిగిలిందో 'డీఎఫ్' చెబుతుంది, ఏ ఫోల్డరు ఎంత తిన్నదో 'డీయూ' చెబుతుంది.

సాధనకు ప్రభుత్వ సంస్థ సీ-డాక్ తయారుచేసిన బాస్ లైనక్స్ ఉచితంగా దొరుకుతుంది. దాన్ని తెలుగులోనూ మరాఠీలోనూ వాడుకోవచ్చు.