కనుమదారిలో రైలు సంకేతములు

రైలుదారి ప్రక్క పొలములు గలవారికి ఇనుప స్తంభముపైనుండు ఎఱ్ఱని చేయి క్రొత్తది కాదు. అది అడ్డముగా నిలిచినచో బండి ఆగవలెను, వాలినచో పోవచ్చును. చేయి వాలగనే మూటలు సర్దుకొను ప్రయాణికులను మీరెల్లరు చూచియే యుందురు. మన దేశమున ఆ చేయి నేడు చాలవఱకు తొలగి, దాని స్థానమున విద్యుద్దీపములు వెలసినవి. మైదానమున ఈ మార్పు సౌకర్యము. కొండదారిలో ప్రాణావసరము. అది యెట్లో మనవి చేసెదను.

గుంతకల్లు, రాయచూరు మీదుగా బొంబాయికి పోవు మనవారు పూనా దాటిన పిదప దిగు బోర్ ఘాటును ఉదాహరణముగా గైకొందము. ఆ దారి 1863లో తెఱవబడినది. అందు నిటారైన చోట్ల 37 అడుగులకు 1 అడుగు వాలు. ఇంతేకదా యని తోచవచ్చును. కాని ఎద్దుబండి చక్రము నేలను పట్టుకొనునట్లు ఇనుపచక్రము ఇనుపపట్టాను పట్టుకొనదు. బరువుతో దిగు రైలు ఒక్కమాఱు పట్టుదప్పెనా, దానిని మరల నిలుపుట దుస్సాధ్యము. 1869లో ఒక బండి అట్లే అదుపుతప్పి దొరలి, జనులు మరణించిరి. అందుచేత ఆ కనుమలో ఎగువకు ఎక్కు ప్రక్కదారులు నిర్మించినారు. పట్టాలు సహజముగా ఆ వైపునకే కూడియుండును. దిగువచ్చు బండి ఆగి, తన అదుపులోనున్నట్లు చూపిన పిదపనే అసలు దారి కలుపుదురు. ఆగని బండి మిట్టనెక్కి తనంత తాను నిలిచిపోవును.

ఇట్టి తావున సంకేతము ముందుగా, స్పష్టముగా కనబడవలెను. పాత చేతిని కదల్చునది స్టేషనునొద్ద మీట. రెంటికిని నడుమ కప్పీలపై సాగు ఉక్కుతీగ. మలుపు మలుపునకు తీగ ఒరయును, ఎండకు సాగును, చలికి ముడుచుకొనును. వర్షాకాలమున సహ్యాద్రిపై మబ్బు దిగినచో దగ్గఱకు వచ్చుదాక చేయి కానరాదు. రాత్రివేళ దానికి కిరసనాయిలు దీపమే గతి. ఆ దీపముముందు ఆకుపచ్చ వెలుగు కొఱకు పెట్టు అద్దము నిజమునకు నీలిఛాయ గలది! నూనెదీపపు పసుపువెలుగు దానిగుండా వచ్చి పచ్చనగును. పసుపును సున్నమును కలిసి ఎఱుపగుట నెఱిగిన మనకిది వింతగా తోచదు.

తీగ తెగినచో చేయి తనంతట అడ్డముగా నిలుచునట్లు బరువు కట్టియుంతురు. మంచి యుపాయమే. అయినను 1876లో ఇంగ్లండున అబట్స్ రిప్టన్ అనుచోట మంచు గడ్డకట్టి చేయి వాలినట్లే యుండిపోయెను. పోవచ్చునని నమ్మి వచ్చిన బండి ఎదుటి బండిని ఢీకొనెను. కొంతసేపటికి వేఱొక బండి వచ్చి ఆ శిథిలములపై బడెను.

క్రొత్త పద్ధతి మూలము 1872లో అమెరికాలో విలియం రాబిన్సన్ కల్పించిన పట్టా విద్యుద్వలయము. పట్టాలు రెంటిలో స్వల్పమైన విద్యుత్తు ప్రవహించుచుండును. బండి వచ్చినపుడు చక్రములు, ఇరుసులు ఆ విద్యుత్తును అడ్డదారి పట్టించును. అంతట వెనుకనున్న దీపము ఎఱ్ఱబడును. మనుష్యుడు మఱచినను బండియే తన యునికిని చాటుకొనునన్నమాట. పట్టా విఱిగి ప్రవాహము తెగినను ఎఱ్ఱదీపమే. నాకు మిక్కిలి నచ్చినదిదే: లోపము కలిగినపుడు ఆ యేర్పాటు ఆపుటవైపునకే మొగ్గును. దీపమే ఆఱిపోయినచో దానిని ఎఱుపుగానే యెంచి డ్రైవరు ఆగవలెనని నిబంధన.

ఇట్టి స్వయంచాలక దీపములు మన దేశమున 1928లో బొంబాయి విక్టోరియా టెర్మినస్, బైకల్లాల నడుమ మొదట వెలసినవి. మఱుసటి యేడు కళ్యాణ్ నుండి పూనావఱకు విద్యుద్రైళ్లు వచ్చెను. నేడు ఆ ఘాటునందును దీపములే.

అయినను కొండపైనుండి దొరలిన బండరాయి పట్టాలను విఱువక, వాని నడుమ ఊరక కూర్చున్నచో ఆ విద్యుత్తునకు తెలియదు. కావున వానకాలమున గస్తీవాండ్రు చేత దీపము పట్టుకొని, వానలో తడియుచు, నేటికిని ఆ పట్టాలవెంబడి నడచుచునే యున్నారు.