ఏజెన్సీ దళితునికి ఓటుంది, పట్టా లేదు

సత్తుపల్లి దాటి అశ్వారావుపేట అడవి దారి పట్టగానే దళిత రాజకీయం లెక్క మారుతుంది. 2009 నుంచి మధిర, సత్తుపల్లి ఎస్సీ స్థానాలు. 2023 వరకు అక్కడ నెగ్గినవారంతా పెద్ద పార్టీల టిక్కెట్టుపైనే నెగ్గారు. అశ్వారావుపేట, పినపాక, భద్రాచలం గిరిజనులవి. ఏజెన్సీ పంచాయతీల్లో సర్పంచి పదవులూ వారివే.

దళితుల సొంత పార్టీ గెలవలేదని కాదు. అంబేద్కర్ స్థాపించిన షెడ్యూల్డు కులాల ఫెడరేషన్ 1952లో కరీంనగర్ నుంచి ఎం.ఆర్.కృష్ణను లోక్‌సభకు పంపింది. అది ద్విసభ్య స్థానం. ఆ పద్ధతి 1961లో రద్దయింది.

అడవి అంచున అసలు చిక్కు భూమిది. జనం '1/70' అనే 1970 నాటి చట్టం ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరుల పేర భూమి బదిలీ చెల్లదు. కోయల భూమికి అదే కంచె, తీసేయమనడం అన్యాయం. అయితే వడ్డీ షావుకారుకూ, పాలేరుగా బతికిన మాదిగకూ నిబంధన ఒక్కటే. 2006 అటవీ హక్కుల చట్టం కింద పోడుకు పట్టా అడిగితే, గిరిజనేతరుడు మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా, అక్కడే ఉన్నట్టు రుజువు చూపాలి. కూలికి వచ్చిన తాత ఏ కాగితం దాచి ఉంటాడు?

నీలి జెండాతో ఈ ఊళ్లకు వచ్చే పార్టీని మాలపల్లె, మాదిగవాడ అడిగేది ఇదే: కోయలతో తగవు పడకుండా మాకు గుంటెడు నేల ఎలా ఇప్పిస్తారు?