కేంద్రకం ఎందుకు చెదరిపోదు?

సజాతి విద్యుదావేశాలు వికర్షించుకొంటాయని హైస్కూలు విద్యార్థులందరికీ తెలుసు. 1911లో రూథర్‌ఫర్డ్ పరమాణు కేంద్రకం ఉన్నదని చూపిన తరువాత ఈ చిన్న సూత్రమే శాస్త్రజ్ఞులకు పెద్ద చిక్కు తెచ్చిపెట్టింది. హీలియం కేంద్రకంలో రెండు ప్రోటానులు ఉన్నాయి. రెండూ ధనావేశం కలవే. ఒక సెంటీమీటరును పది లక్షల కోట్ల భాగాలు చేస్తే ఒక భాగానికి ఫెర్మి అని పేరు. ఆ ప్రోటానుల మధ్య దూరం సుమారు రెండు ఫెర్మిలు. కూలుంబు సూత్రంతో లెక్క కడితే వికర్షణబలం దాదాపు 58 న్యూటనులు వస్తుంది. అంటే ఆరు కిలోల బియ్యపు మూట బరువంత! సూక్ష్మదర్శినికైనా అందని కణాన్ని ఇంత బలం నెట్టుతుంటే అది అక్కడ ఎలా నిలిచింది?

గురుత్వాకర్షణ వల్ల మాత్రం కాదు. రెండు ప్రోటానుల మధ్య విద్యుద్వికర్షణను, 1 పక్కన 36 సున్నలు చేర్చిన సంఖ్యతో భాగిస్తే వచ్చేంత స్వల్పమది. భూమిని సూర్యుని చుట్టూ తిప్పే బలం ఇక్కడ లెక్కలోకే రాదు.

1932లో చాడ్విక్ ఆవేశం లేని న్యూట్రానును కనుగొన్నాడు. 1935లో జపాను శాస్త్రజ్ఞుడు యుకావా, కేంద్రకంలోని కణాలు మరొక కణాన్ని ఇచ్చిపుచ్చుకొనడం వల్ల గట్టి ఆకర్షణ పుడుతుందని ఊహించాడు. అటువంటి కణమైన పయాన్ 1947లో విశ్వకిరణాలలో దొరికింది. ఈ ఆకర్షణ, క్వార్కులను బంధించే ప్రబల బలపు శేషమని నేటి అవగాహన.

దీని స్వభావం విచిత్రం. ఒక ఫెర్మి దూరంలో విద్యుద్వికర్షణకంటె ఎన్నో రెట్లు గట్టిగా లాగుతుంది. మరికొన్ని ఫెర్మిలు దాటితే దాదాపు లేనట్లే. మరీ దగ్గరకు, అంటే అర ఫెర్మి లోపలికి వస్తే, తానే వికర్షిస్తుంది! కేంద్రకం తనలోకి తాను కుంగిపోకపోవడానికి ఇదొక కారణం.

చేయి అందినంత మేరకే పట్టు కనుక, పెద్ద కేంద్రకంలో ప్రతి ప్రోటానునూ పొరుగు కణాలు మాత్రమే లాగుతాయి. వికర్షణ మాత్రం కేంద్రకంలోని మిగతా ప్రోటానులన్నిటినుంచీ వస్తుంది. అందుకే బరువైన కేంద్రకాలకు న్యూట్రానుల ఆసరా ఎక్కువగా కావాలి. సీసం-208లో 82 ప్రోటానులకు 126 న్యూట్రానులు ఉన్నాయి. స్థిరమైనదని చిరకాలం నమ్మిన బిస్మత్-209 సైతం అతి మెల్లగా క్షయిస్తుందని 2003లో తేలింది.

యురేనియం-235 కేంద్రకాన్ని న్యూట్రాను తాకితే అది నీటిబొట్టువలె సాగి, నడుము సన్నబడి, రెండుగా తెగుతుంది. ప్రబల బలానికి అందని దూరం చేరగానే వికర్షణ ఆ ముక్కలను విసిరివేస్తుంది. అణుశక్తిని ఏదో కొత్త శక్తిగా భావించడం పరిపాటి. కాని విడుదలైన శక్తిలో ఎక్కువ పాలు, పట్టుగుడ్డతో రుద్దిన రెండు గాజుకడ్డీలు చూపే ఆ పాత వికర్షణదే. ఆ ముక్కలు చుట్టూ ఉన్న ఇంధనంలో గుద్దుకొని ఆగేటప్పుడు పుట్టే వేడితోనే రియాక్టరులో ఆవిరి తయారవుతుంది.