పేరు రిజిస్టర్లో, పిల్ల పత్తిచేలో

పాత మహబూబ్‌నగర్ నుంచి 2016 అక్టోబరు 11న జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు విడివడ్డాయి. 2011 జనగణనను కొత్త సరిహద్దులకు సర్ది చూస్తే, అక్షరాస్యతలో గద్వాలది తెలంగాణ రాష్ట్రంలోనే చివరి స్థానం. చదవను, రాయను వచ్చినవారు సగం కూడా లేరు. ఇలాంటి చోట బడి లెక్కల మీద అపోహలుంటే నష్టపోయేది పిల్లలే.

అపోహ: పేరుంటే బడికి వస్తున్నట్టే.

వాస్తవం: దేశంలోని బడుల వివరాలన్నీ ఏటా సేకరించే యూడైస్ ప్లస్ లెక్కకు ప్రామాణిక తేదీ సెప్టెంబరు 30. గద్వాల పల్లెల్లో అవి సీడ్ పత్తి క్రాసింగ్ రోజులు. సాయంత్రం మొగ్గలు గిల్లాలి, మర్నాడు పొద్దున్నే ఆ పువ్వులకు మగపువ్వు రాయాలి. ఒక్కో పువ్వుకూ చెయ్యి తగలాల్సిన పని. దీనికి పిల్లల్ని, ముఖ్యంగా ఆడపిల్లల్ని బడి మాన్పించడం ఇక్కడ ఏళ్లుగా ఉన్న బాధ. చేలో ఉన్న పిల్ల పేరు కూడా నమోదులోకి ఎక్కుతుంది. అందుకే ఏడాదికోసారి తీసే లెక్క చాలదు. వరసగా రాని పిల్లల జాబితా వారం వారం క్లస్టర్ రిసోర్స్ పర్సన్ (సీఆర్పీ) చేతికి రావాలి, అదే వారం ఆ ఇంటి తలుపు తట్టాలి. క్రాసింగ్ అయిపోయాక తెలిసి లాభం లేదు.

అపోహ: నమోదు తగ్గితే అంతమందీ చదువు మానేసినట్టే.

వాస్తవం: దేశంలో 2021-22లో 26.52 కోట్లున్న నమోదు 2023-24కి 24.80 కోట్లయింది. మధ్యలో, 2022-23 నుంచి, బడి మొత్తం సంఖ్యకు బదులు ఒక్కో విద్యార్థి వివరాలు పేరుతో తీసుకుంటున్నారు. రెండు పద్ధతుల అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

అపోహ: వలసపోయిన పిల్ల లెక్కలోంచి పోయినట్టే.

వాస్తవం: యూడైస్ ప్లస్ ఒక్కో విద్యార్థికి ఇచ్చే శాశ్వత విద్యా సంఖ్య పిల్లతోపాటే వెళ్తుంది. పాత బడి వదిలిన పేరు, కొత్త బడి తీసుకునేదాకా ఆ పోర్టల్లోని డ్రాప్‌బాక్సులో ఉంటుంది. వలసపోయే పాలమూరు (పాత మహబూబ్‌నగర్) కూలీలకు ఆ సంఖ్య రాసివ్వడం చిన్న పని, ఫలితం పెద్దది.

అపోహ: ఈ లెక్కలన్నీ పైఅధికారుల కోసమే.

వాస్తవం: సమగ్ర శిక్షా నిబంధనల్లో 30 మంది వరకున్న బడికి ఏటా గ్రాంటు రూ.10 వేలు, 31 మంది అయితే రూ.25 వేలు. ఒక్క పేరు తప్పిపోతే సుద్దముక్కలకూ మరమ్మతులకూ డబ్బు తగ్గుతుంది. 36తో మొదలయ్యే పదకొండంకెల యూడైస్ కోడ్ తెలిస్తే బడి నివేదిక ఎవరైనా ఆన్‌లైన్‌లో చూడొచ్చు. తాళం వేసిన మరుగుదొడ్డి అందులో ‘పనిచేస్తోంది’ అని ఉంటే, దిద్దమని హెడ్‌మాస్టరును అడగడం తల్లిదండ్రుల హక్కు.